తాడ్వాయి పంక్తి

"రేపు శర్మగారు అడిగితే ఒక్కటే చెప్పు విమలా. బియ్యం మనవి, నీళ్ళు మనవి, వండిన చెయ్యి మనది. అంతకు మించి ఒక్క ముక్క అక్కర లేదు" అన్నాడు పురుషోత్తం, వంటింటి గడపకు అవతల నిలబడి.

విమలమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. రేపటి భోజనాలకు సన్నబియ్యం. తల ఎత్తకుండానే ఊ కొట్టింది. ఆమె ఊ కొడితే ఒప్పుకున్నట్టేనని ఈ ఇంట్లో అందరి లెక్క. ఆమె మటుకు విన్నానని చెప్పడానికే ఊ కొడుతుంది. ఆ తేడా ఇన్నేళ్ళలో ఎవరూ పట్టించుకోలేదు, ఆమె కూడా విడమరిచి చెప్పలేదు.

పురుషోత్తం ఆమెకు స్వయానా అన్న. కామారెడ్డి కచేరీలో వకీలు, ఆంధ్రమహాసభ మనిషి. పై వారం ఊళ్ళో జరగబోయే తాలూకా సభకు అధ్యక్షుడిగా ఆయన పేరే ఖాయమైంది. రేపు రాబోతున్న అనంతరాజం శర్మ ఎల్లారెడ్డి బ్రాహ్మణులకు పెద్ద. కులంలో ఎవరు ఉండాలో, ఎవరు వెలి కావాలో తేల్చేది ఆయనే. పురుషోత్తం కూతురు శారదను ఆయన మనవడికి ఇవ్వాలని చాలా కాలం కిందటే అనుకున్నారు. ఫాల్గుణంలో తాడ్వాయి సంగతి జరిగాక ఆ లగ్నం మాట ఆగిపోయింది. దాంతోపాటే ఈ ఇంటికి నోములకూ పేరంటాలకూ పిలుపులు ఆగిపోయాయి. రేపు శర్మ వచ్చి విచారించి, తప్పు లేదని తేలితే ఇదే ఇంట్లో పంక్తిలో కూర్చుని భోంచేస్తాడు. ఆయన ముద్ద ఎత్తితే వెలి తీరినట్టు. అందుకే సన్నబియ్యం.

తాడ్వాయిలో ఏం జరిగిందో చెప్పడానికి ఊరంతా తయారుగా ఉంది, ఆ రోజు అక్కడ లేనివాళ్ళు మరీను. మాదిగ సోదరుల ఇంట వారి చేతి అన్నం తిన్న మహనీయుడు అని ఒక వారపత్రికలో అచ్చయింది. రాసి పంపింది సభ కార్యదర్శి లక్ష్మీరాజం. ఎల్లారెడ్డిలో అదే ముక్కను మరో రకంగా వండి వార్చారు. పురుషోత్తం గొడ్డుమాంసం తిన్నాడన్నారు, కిరస్తానీల్లో కలిశాడన్నారు, లోపల్లోపల కాంగ్రెసు మనిషి, పోలీసు అమీను రేపో మాపో పట్టుకుపోతాడన్నారు. ఒకరు ఆయన్ని ఆకాశానికెత్తితే ఇంకొకరు పాతాళానికి తొక్కారు. నిజం ఏమిటని అడిగే తీరిక ఇద్దరికీ లేకపోయింది.

నిజం ఏమిటో విమలమ్మకు తెలుసు, ఆ రోజు వండింది ఆమె కాబట్టి. తెల్లవారకముందే కచ్చడం బండి కట్టారు. అందులో బియ్యం, పప్పు, చింతపండు, రాగి గుండిగలు, విస్తళ్ళు ఎక్కించారు. అవి చాలక కామారెడ్డి బావి నీళ్ళు కాగులకు కాగులే ఎక్కించారు. ఆ కాగుల మధ్య తడిబట్టతో మడి కట్టుకుని విమలమ్మ కూర్చుంది. సహపంక్తి భోజనం గురించి అన్న ముందురోజు సభలో ఎంతో చక్కగా చెప్పాడు. మనిషి పక్కన మనిషి కూర్చుని తినాలి, అంటు అనేది మనసులో మురికి అన్నాడు. ఇంటికొచ్చి, నీళ్ళు కూడా మనమే పట్టుకపోదాం విమలా, ఎందుకైనా మంచిది అన్నాడు. మొదటి మాట అబద్ధమని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. రెండు మాటలనూ ఆయన నిజంగానే నమ్మాడు.

మాదిగవాడ అంచున వేపచెట్టు కింద రాళ్ళు పేర్చి పొయ్యి చేసుకుని వండింది. వాడంతా తరలివచ్చింది. కామారెడ్డి నుంచి వెంట వచ్చిన పెద్దమనుషులకు ఉన్నట్టుండి కడుపులో బాగోలేక బండ్ల దగ్గరే నిలబడిపోయారు. పురుషోత్తం ఒక్కడే వెళ్ళి కూర్చున్నాడు. ఆయనకు అటుపక్క ఆ వాడ మనిషి మైసన్న, ఇటుపక్క మైసన్న తండ్రి. మొదటి ముద్ద కలిపిన అన్న చెయ్యి విస్తరి మీదే ఆగిపోవడం విమలమ్మ చూసింది. అయినా లేవలేదు. చివరిదాకా కూర్చుని తిని, తన విస్తరి తానే తీసి పారేశాడు. ఇంట్లో ఏనాడూ విస్తరి ఎత్తి ఎరగని మనిషి. అది చిన్న సంగతి కాదని ఆమెకు ఆనాడూ అనిపించింది, ఈనాడూ అనిపిస్తుంది. ఆయన తిన్న అన్నం ఎవరు వండారన్నది వేరే సంగతి.

పంక్తులు లేచేసరికి గుండిగ అడుగు కనిపించింది. విమలమ్మది ఒంటిపూట భోజనం. అదీ తను వండుకున్నదే తినాలి, అందరూ తిన్నాకే తినాలి. అందరూ తిన్నారు, ఆమెకు మిగల్లేదు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. అన్న లేచి ఉపన్యాసం మొదలుపెట్టాడు, అప్పుడే వచ్చి చేరిన లక్ష్మీరాజం రాసుకోవడం మొదలుపెట్టాడు. ఎండలో పొగలో పొద్దున్నించీ నిలబడ్డ మనిషి కళ్ళు తిరిగి పొయ్యి పక్కన కూలబడింది. ఉపన్యాసం వింటున్నవాళ్ళు చూడలేదు. మైసన్న భార్య హన్మవ్వ చూసింది. చెయ్యి పట్టుకుని లేపి తన గుడిసెలోకి తీసుకుపోయి గోడకు ఆనించి కూర్చోబెట్టింది.

"నువ్వు తిన్నవా అని నిన్ను ఎవ్వలన్న అడిగిన్రా అమ్మా?" అంది.

విమలమ్మ లేదన్నట్టు తల ఊపింది.

"మా ఇంట్ల జొన్నరొట్టె, పుంటికూర ఉన్నయి. పెడితె నాకు పాపమో, తింటె నీకు పాపమో నాకెరుక లేదు. ఆకలైతె కనవడుతున్నది."

విమలమ్మ తిన్నది. రొట్టె వేడిగా ఉంది, పుల్లటి పుంటికూరలో ఉప్పు కాస్త ఎక్కువైంది. మెట్టినింట్లో తల గొరిగించిన నాటి నుంచి ఇంకొకరు వండింది, ఎదురుగా కూర్చోబెట్టి వడ్డించింది తినడం అదే మొదలు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే కారమైందా అని హన్మవ్వ అడిగింది. అవునంది విమలమ్మ. ఇంకో రొట్టె వేయమని కూడా అడిగింది. సిగ్గుపడాలేమోనని బండిలో తిరిగి వస్తూ దారి పొడుగునా చూసుకుంది గానీ సిగ్గు రాలేదు. కడుపు నిండితే మనిషికి ఇంత నిద్ర వస్తుందని మాత్రం ఆ రోజు తెలిసింది.

అన్న చెడ్డవాడేమీ కాదు. ఊరు ఆయన్ని ఎత్తినప్పుడల్లా, తొక్కినప్పుడల్లా ఆమె మనసులో తక్కెడ పట్టుకుని సరిచేస్తూనే ఉంటుంది. అత్తవారింటి నుంచి ఆమెను తెచ్చుకుంది ఆయనే, అక్షరాలు నేర్పింది ఆయనే. వచ్చిన కొత్తల్లో ఒకరోజు, జుట్టు పెంచుకో విమలా, ఈ గొరిగించుకోవడం ఇక మానెయ్యి అన్నాడు. మరి మడివంట ఎవరు చేస్తరు, తద్దినాలకు ఎవరు వండుతరు అని వదినె జానకీబాయి అడిగింది. ఆయన ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. వితంతువుల తల గొరిగించడం అనాగరికమని సభల్లో చెప్పడం మానలేదు. సభల నుంచి వచ్చినవాళ్ళందరూ ఆమె వండిన పప్పుచారు తిని, ఈ ఇంట్లో భోజనం అమృతం వకీలు సాబ్ అని ఆయన్ని మెచ్చుకుని పోతుంటారు. ఒకాయన లోపలికి తొంగిచూసి, వంటమనిషికి ఎంతిస్తారని కూడా అడిగాడు. చెల్లెలండీ అని అన్న నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇంకో సంగతి. వెలి అన్నారు గానీ, వైశాఖంలో శర్మ తండ్రి తద్దినం రాగానే ఎల్లారెడ్డి నుంచి బండి వచ్చి పెరటి వాకిట్లో ఆగింది. మడితో తద్దినం వంట వండే విధవరాలు ఆ చుట్టుపక్కల ఇంకొకరు లేరు. ఆ ఇంటి మనిషి చేతి వంట పనికొస్తుందా అని శర్మ కోడలు అడిగిందట. తప్పు చేసింది మగవాడు, ఆమెది వేరే మడిపొయ్యి, దోషం అంటదు అని శర్మ తేల్చాడట. విమలమ్మ వెళ్ళి వండింది. గారెలు బాగా కుదిరాయని భోక్తలు అడిగి వేయించుకున్నారు. ఆ తర్వాత ఇంకొన్ని ఇళ్ళవాళ్ళు కూడా అదే దారిలో బండ్లు పంపారు. తాడ్వాయిలో నువ్వేం తిన్నావని ఎవరైనా అడిగితే చెప్పేదే. ఆమె తింటుందన్న సంగతే ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

సాయంత్రం పురుషోత్తం మళ్ళీ గడప దగ్గరికి వచ్చాడు. రేపు లక్ష్మీరాజం కూడా వస్తడు, ఆయన ముందర నీళ్ళ కాగుల సంగతి ఎత్తకు అన్నాడు. శర్మగారి ముందర ఎత్తమంటివి గద అంది విమలమ్మ. శర్మగారిని లోపల కూర్చోబెట్టి అడిగిస్తానని, లక్ష్మీరాజం అరుగు మీద ఉంటాడని, ఒక్క పూట సర్దుకుంటే సభకు సభా నిలుస్తుంది, పిల్ల లగ్నానికి లగ్నమూ నిలుస్తుందని ఆయన వివరించాడు. లోపల ఒక పురుషోత్తం, అరుగు మీద ఒక పురుషోత్తం, ఇద్దరికీ వంట తనే చేయాలి కాబోలు అనుకుంది ఆమె. వదినె వివరించే రకం కాదు. అన్న నీడన ఇన్నేండ్లు బతికినవు, పిల్ల బతుకు ఇప్పుడు నీ నోట్ల ఉన్నది, అటూ ఇటూ అయిందంటె ఈ ఇంట్ల నువ్వన్న ఉండాలె నేనన్న ఉండాలె అంది. ఊరికే అన్న మాట కాదని విమలమ్మకు తెలుసు. ఈ వంటిల్లు పోతే లోకంలో ఆమెకు కాలు పెట్టే చోటు లేదు.

విస్తళ్ళు తుడుస్తూ పక్కన కూర్చున్న శారద, తల్లి వెళ్ళిపోయేదాకా ఆగి అడిగింది. "అత్తా, చిన్నపిల్లలకు లగ్నాలు చెయ్యొద్దని నాన్న సభల చెప్తడు గద. మరి నాకెందుకు చేస్తున్నరు?"

శారద ఇంకా పెద్దమనిషి కాలేదు. విమలమ్మకు లగ్నం అయినప్పుడు తను ఇంతకంటే చిన్నది, తాళి కట్టిన మనిషి ముఖం కూడా ఇప్పుడు గుర్తు రాదు. జ్వరం వచ్చి పోయాడని చెప్పారు, మంగలిని పిలిచారు. శారద సమాధానం కోసం చూస్తోంది. ఈ పిల్ల దగ్గర మాత్రం ఊ కొట్టి ఊరుకోవడం ఆమెకు చేతకాలేదు. నాకు కూడా అర్థం కాలేదు బిడ్డా, రేపు అడిగి చూద్దాం అంది.

మర్నాడు పొద్దెక్కేసరికి శర్మ నలుగురు పెద్దలను వెంటబెట్టుకుని దిగాడు. లోపల కూర్చోమని పురుషోత్తం ఎంత బతిమాలినా వినలేదు. చాటున తేల్చుకునే సంగతి కాదిది, పత్రికలకెక్కింది, ఆ పత్రికాయన ముందరే తేలాలె, ఆయనే దిద్దుకోవాలె అని అరుగు మీదే చాప వేయించుకున్నాడు. ఆ చివర లక్ష్మీరాజం కాగితాలు పట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరికీ మధ్య పురుషోత్తం. రాత్రి వేసుకున్న ఏర్పాటు అంతా చెదిరిపోయి, ఆయన ముఖం వాడిపోయింది. విమలమ్మను పిలిచారు. ముసుగు దించుకుని తలుపు పక్కన నిలబడింది.

మొదట రాజకీయం అడిగాడు శర్మ. నీ అన్న కాంగ్రెసు వాడా, సర్కారుకు ఎదురు తిరిగినోడా, దాచకుండా చెప్పు అన్నాడు. ఆడవాళ్ళకేం తెలుస్తుందని తక్కినవాళ్ళు నవ్వారు గానీ, రోజూ ఆ అరుగు మీద జరిగే చర్చలన్నీ తలుపు ఇవతల నిలబడి టీలు అందిస్తూ విన్నది ఆమే కదా.

"కాంగ్రెసుల చేరలేదు" అంది విమలమ్మ. "చేరమని వచ్చి అడిగిన్రు, చేరనన్నడు. సత్యాగ్రహం వద్దు, సర్కారుకు అర్జీలు పెట్టి సాధిద్దాం అన్నడు. జైలుకు పోయినోళ్ళ ఇండ్లకు మాత్రం బియ్యం పంపిండు, అవి నేనే మూట కట్టిన. తెలుగు బడులు కావాలంటడు. కిరస్తానీల కలువలేదు, మిషను దొర దగ్గరికి పోయి బడి మాట్లాడి వచ్చిండు, అంతే. వెట్టి వద్దంటడు. మన పొలం మీద మాన్పించిండు గూడ. ఈ ఇంటికి కట్టెలు కొట్టే బాలమల్లు మాత్రం ఇంకా ఊరికెనే కొట్టి పోతున్నడు. బాల్యవివాహం తప్పంటడు. శారద లగ్నానికి తొందరపడుతున్నడు. అది ఎట్ల కుదురుతదో ఆయననే అడగాలె."

ఎవరూ నవ్వలేదు. పురుషోత్తం చెల్లెలి వైపు మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువగా ఉంది ఆ చూపులో.

"తాడ్వాయిల ఏం తిన్నడు?" అన్నాడు శర్మ.

"వాళ్ళ మధ్యల కూసోని తిన్నడు. భయపడ్డడు, అయినా లేవలేదు. తిన్నది నేను వండిన అన్నం. బియ్యం మనవి, నీళ్ళు కామారెడ్డి బావివి. వాళ్ళ చేతి కూడు ముట్టలేదు."

లక్ష్మీరాజం కలం ఆగిపోయింది. శర్మ ముఖం విప్పారింది. ఇంకేం, దోషం లేదు, పంక్తి దోషానికి పంచగవ్యం పుచ్చుకుంటే చాలు, లేవండి అని మోకాళ్ళ మీద చేతులు ఆనించాడు. పురుషోత్తం పైకండువాతో నుదురు తుడుచుకున్నాడు. అక్కడితో ఊరుకుంటే ఊరుకోవచ్చు. లగ్నం అవుతుంది, వంటిల్లు ఉంటుంది. కొంగు చాటున శారద నిలబడి ఉంది. తాడ్వాయి గురించి ఇన్ని నెలలుగా ఇంతమంది మాట్లాడుతూ ఉంటే, అక్కడ నిజంగా జరిగిన ఒకే ఒక్క భోజనం లెక్కలోకి రాకుండానే పోతోంది. ఆమెకు అది భరించరాని అన్యాయంగా తోచింది.

"అన్న తినలేదు" అంది. "నేను తిన్న. మైసన్న భార్య హన్మవ్వ వాళ్ళ ఇంట్ల, ఆమె చేసిన రొట్టె, ఆమె చేతి మీదుగ."

శర్మ లేవబోయినవాడు మళ్ళీ కూర్చున్నాడు. వైశాఖంలో తిన్న గారెలు గుర్తొచ్చాయి కాబోలు. వెంట వచ్చిన నలుగురిలో ఇద్దరి ఇళ్ళ నుంచి కూడా ఆమె కోసం బండ్లు వచ్చాయి. ఆమె మాట నిజమంటే తద్దినాలు చెడినట్టు, పితృదేవతల దాకా పోతుంది వ్యవహారం. చివరికి శర్మే దారి కనిపెట్టాడు. విచారణ పురుషోత్తం మీద, ఆడమనిషిని గురించి మనం అడగలేదు, అడగని దానికి జవాబు లేదు అన్నాడు. లక్ష్మీరాజం కూడా, పత్రికకు నాయకుడి సంగతే గానీ ఇంటి ఆడవాళ్ళ సంగతి అక్కర లేదండీ అన్నాడు. ఆ ఇద్దరూ ఒక్క మాట మీద నిలబడడం కామారెడ్డిలో ఎవరూ చూసి ఉండరు. విమల పొద్దున్నించీ పొయ్యి దగ్గరుంది, వేడి తలకెక్కి ఏదో అన్నది అన్నాడు పురుషోత్తం. ఆమె ఏమీ అనలేదని అందరికీ ఒప్పుదలైంది. విస్తళ్ళు వేయమన్నారు.

నడిమింట్లో పంక్తి తీర్చారు. మొదట శర్మ, పక్కన పురుషోత్తం, తర్వాత పెద్దలు. మహాసభ కార్యదర్శి అయినా లక్ష్మీరాజం సాలె కులస్థుడు కాబట్టి ఆయన విస్తరి అలవాటు ప్రకారం బయట అరుగు మీదే పడింది. తెరిచిన తలుపులోంచి ఆయనకు లోపలి పంక్తి కనిపిస్తోంది. పంక్తి చివర ఒక విస్తరి ఎక్కువైంది. విమలమ్మ అన్నం గుండిగ తెచ్చి పంక్తి మొదట్లో నిలబడింది. చెయ్యి గరిటె మీదికి పోలేదు.

"ఇందాక చెప్పింది విననట్టున్నరు. మళ్ళొకసారి చెప్తున్న" అంది, గొంతు పెంచకుండానే. "తాడ్వాయిల హన్మవ్వ చేసింది తిన్న. గా చేతితోటే ఈ అన్నం వండిన, మీ ఇండ్లల్ల తద్దినాలు గూడ వండిన. తెలిసి తినేటోళ్ళు విస్తరి మీద నీళ్ళు చల్లుకోండి. వడ్డిస్త."

ఎదురుగా చెంబులు ఉన్నాయి. శర్మ తన విస్తరి ఈనెల వంక చూస్తూ కూర్చున్నాడు. తక్కినవాళ్ళు శర్మ వంక చూస్తూ కూర్చున్నారు. తలుపు చాటున జానకీబాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పురుషోత్తం ఒక్కడే కదిలాడు. ఆయన కుడిచెయ్యి ఒళ్ళోంచి లేచి చెంబు దాకా వచ్చింది. అంచు మీద వేళ్ళు ఆనాయి. శర్మ దగ్గాడు. చెయ్యి అక్కడే ఉండిపోయింది, ముందుకు పోలేదు, వెనక్కి రాలేదు.

విమలమ్మ ఎదురుచూసింది. పాపం అనిపించింది, ప్రేమ కూడా కలిగింది. కానీ ఆయన కోసం ఆ చెంబు తను వంచేది లేదు. గుండిగను పంక్తి చివరికి మోసుకుపోయి దింపింది. ఎక్కువైన విస్తరి ముందు బాసిపట్టు వేసుకుని కూర్చుంది. నీళ్ళు చల్లుకుని, ఆ ఇంట్లోకి వచ్చాక మొదటిసారి, అందరికంటే ముందు తనకు తానే వడ్డించుకుంది. మొదటి ముద్ద కలుపుతూ తలుపు వైపు తిరిగింది.

"లక్ష్మీరాజం గారూ, ఈసారి సరిగ్గ రాయండి. మా అన్న చెయ్యి చెంబు దాకా వచ్చింది, తక్కినోళ్ళది అంత దూరం గూడ రాలేదు. వచ్చి అక్కడ ఆగింది. రెండూ రాయండి."